ఎలిజబెత్తు రాణి తొలి పరీక్షలు

క్రీ. శ. 1558 నవంబరు 17వ తేది తెల్లవాఱుజామున ఇంగ్లండు రాణి మేరీ లండనులో మరణించెను. ఆమె మతనీతికి మూలస్తంభమైన కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు కార్డినలు పోలు కొన్ని గంటల వ్యవధిలో, ఆ దినముననే, లోకాంతరగతుడయ్యెను. రాణియు రాజగురువును ఒక్కనాడే పోవుట హాట్‌ఫీల్డు భవనమున నున్న యిరువదియైదేండ్ల ఎలిజబెత్తునకు దైవానుగ్రహమని ఆమె పక్షము వారు తలచిరి. లండను వీథులలో గంటలు మ్రోగినవి; మంటలు వేసి జనులు విందులు చేసికొనిరి. కాని ఆమెకు సంక్రమించిన రాజ్యమును తేఱిపాఱ జూచిన వారికి అది భాగ్యమో తలకు మించిన బరువో తేల్చి చెప్పుట సులభము కాకుండెను.

మేరీ తన భర్త స్పెయిను రాజగు ఫిలిప్పు కొఱకు ఫ్రాన్సుతో యుద్ధమునకు దిగి, ఆ సంవత్సరము జనవరిలోనే కేలే పట్టణమును పోగొట్టుకొనియుండెను. 1347 మొదలు ఇంగ్లీషువారి యధీనమందుండి, ఐరోపా ఖండమున వారికి మిగిలియున్న ఏకైక స్థలమది. 1555, 1556 సంవత్సరములలో పంటలు చెడినవి. వెనువెంటనే విషజ్వరములు ప్రబలి పల్లెలను పట్టణములను పీడించినవి. రాజ్యఋణము రెండు లక్షల పౌనులకు పైబడియుండెను. అందు చాలభాగము ఆంట్వర్పు నగరపు షాహుకార్లకు చెల్లవలసినది. దానిపై వడ్డీ నూటికి 14 వఱకు నుండెను. ఉత్తరమున స్కాట్లండులో ఫ్రెంచి సేనలు, దక్షిణమున సముద్రపు కాలువ కావల ఫ్రెంచి రాజ్యము, నడుమ అడకత్తెరలోని పోకచెక్కవలె ఇంగ్లండు. సఖ్యముగ నున్నది స్పెయిను ఒక్కటియే. అదియు కాథలికు మతమునకు పెట్టనికోట.

ఇక రాణి హక్కు మాట. ఆమె తల్లి ఆన్ బొలీను శిరచ్ఛేదము పొందిన 1536వ సంవత్సరముననే పార్లమెంటు శాసనము ఎలిజబెత్తు అక్రమసంతానమని నిర్ణయించెను. తరువాత చేయబడిన వారసత్వ శాసనము ఆమెకు సింహాసనమున స్థానము కల్పించినదే కాని ఆ కళంకమును తుడిచివేయలేదు. కాథలికుల దృష్టిలో హెన్రీ రాజునకు ఆన్ బొలీనుతో జరిగినది వివాహమే కాదు. హెన్రీ అక్క మనుమరాలగు స్కాట్లండు రాణి మేరీ స్టూవర్టే న్యాయమైన వారసురాలని వాదించుటకు ఫ్రాన్సు దొరలకు ఇంతకన్న నేమి కావలయును? ఆమె అప్పటికే ఫ్రాన్సు యువరాజు భార్య. ఆ దంపతులు ఇంగ్లండు రాజలాంఛనములను తమ డాలుపై చేర్చుకొనుటకు వెనుదీయలేదు. 1559లో సమావేశమైన పార్లమెంటు ఎలిజబెత్తు హక్కును స్థిరపఱచెను గాని, పాత శాసనమును మాత్రము రద్దు చేయలేదు. తల్లి వివాహపు తగవును మఱల కదలించుట కంటె మాటాడకుండుటే మేలని రాణి యాలోచన. ఈ మౌనము ఆమె పరిపాలనకు మొదటి సూచనయని మా యభిప్రాయము.

స్త్రీ యైనందున కలిగిన చిక్కు వేఱొకటి. స్త్రీపరిపాలన దైవవిరుద్ధమని ఆ యేడే జెనీవాలో ఒక గ్రంథము వెలువడెను. వ్రాసినవాడు కాథలికు కాదు, స్కాట్లండు ప్రొటెస్టెంటులకు అగ్రగణ్యుడైన జాన్ నాక్సు. అతడు గుఱిపెట్టినది కాథలికు రాణులను. గ్రంథము వెలువడిన నెలలలోనే ప్రొటెస్టెంటు రాణి సింహాసన మెక్కెను. స్వదేశమునకు పోవుటకు ఇంగ్లండు మీదుగా దారి యిమ్మని నాక్సు వేడికొనగా రాణి నిరాకరించెను. వింత యేమన, ఈ విషయమున ఎలిజబెత్తునకు తోడ్పడినది ఆమె అక్క కాలపు శాసనమే. రాజునకు గల అధికారములన్నియు రాణికిని సంపూర్ణముగా కలవని 1554లోనే పార్లమెంటు నిర్ణయించియుండెను. మేరీని దూషించు వారు ఈ ఋణమును తలపరు.

మంత్రాంగమును ఏర్పఱచుటలో రాణి కనబఱచిన నేర్పు గమనింపదగినది. అక్క కాలమున నలుబదికి తగ్గని ఆలోచనసభను ఆమె ఇంచుమించు ఇరువదికి దించెను. మతమే ప్రాణముగ నున్న వారిని తొలగించి, లోకానుభవము గల ప్రభువులను కొందఱిని నిలిపెను. కోశాధిపతి వించెస్టరు ప్రభువు ఇందుకు తార్కాణము. మతము నాలుగుమాఱులు మాఱిన కాలమున అతడు హెన్రీ, ఎడ్వర్డు, మేరీ మువ్వురిని కొలిచి ఎలిజబెత్తు కొలువునను నిలిచెను. చచ్చునంతవఱకు పదవి వీడలేదు. కార్యదర్శిగా నియమింపబడిన విలియము సెసిలునకు ముప్పదియెనిమిదేండ్లు. ప్రొటెస్టెంటు అయ్యును మేరీ కాలమున అతడు కాథలికు పూజలకు పోవుచుండెను. రాణియు నట్లే చేసెను. బ్రతుకవలెనన్న తల వంచవలసిన కాలములో తల వంచినవారే తరువాత రాజ్య మేలిరి. ఆత్మబలిదానము చేసిన వారిని గౌరవించుట వేఱు. వారి వంటి వారితో మంత్రాంగము నడపుట వేఱు.

మేరీ కాలమున మతము కొఱకు సుమారు 280 మంది సజీవదహనమునకు గుఱియైరి. ప్రాణభీతిచే జర్మనీ, స్విట్జర్లండు దేశములకు పాఱిపోయిన ప్రొటెస్టెంటులు క్రొత్త రాణి వచ్చెనని వినినంతనే తిరుగుముఖము పట్టిరి. జెనీవా పద్ధతి యంతయు ఇంగ్లండులో నెలకొల్పబడునని వారి యాశ. కాని దేశమున, ముఖ్యముగా ఉత్తర పశ్చిమ జిల్లాలలో, ప్రజలు పాత ఆచారములనే పాటించుచుండిరి. బిషప్పులందఱును మేరీ నియమించిన వారో, ఆమెకు లోబడిన వారో. రాణికి కిరీటము పెట్టుటకే ఒక్కడు దొరకుట కష్టమై, తుదకు 1559 జనవరి 15వ తేదిన కార్లైలు బిషప్పు ఓగిల్‌తార్పు అందుకు సమ్మతించెను.

ఆ జనవరిలోనే పార్లమెంటు కూడెను. పోపు అధికారమును త్రోసిపుచ్చు చిత్తును సామాన్యుల సభ సులభముగ నంగీకరించినను, ప్రభువుల సభ దానిని ఛిన్నాభిన్నము గావించెను. రాణి సభను ముగింపక ఈస్టరు పండుగ పేర వాయిదా వేసెను. ఈ నడుమ ఉభయమతముల వారికి వెస్ట్‌మినిస్టరులో వాదము పెట్టించిరి. నియమములను గూర్చి తగవు రాగా అది మధ్యలో నిలిచిపోయెను; వించెస్టరు, లింకను బిషప్పులు కారాగృహమునకు పంపబడిరి. ఆ విధముగ ప్రభువుల సభలో రెండు ఓట్లు తగ్గినవి! తరువాత ఏకరూప ప్రార్థనా శాసనము అచట నెగ్గినది కేవలము మూడు ఓట్ల యాధిక్యముతో. అనుకూలురు 21, ప్రతికూలురు 18. సభలోనున్న బిషప్పులలో ఒక్కడైన అనుకూలముగ ఓటు వేయలేదు. ఒక జాతి మతము మూడు ఓట్లపై నిలిచినదనుట అతిశయోక్తి కాదు. ఆ ఓట్లు లభించిన తీరు న్యాయమైనదని మేము చెప్పజాలము.

శాసనములు చేసిన విధమును మెచ్చకున్నను, వానిలోని ఉపాయమును మెచ్చవలెను. తండ్రి వలె సంఘమునకు శిరస్సునని చెప్పుకొనక, సంఘమునకు ఉత్తమ పాలకురాలనని మాత్రమే రాణి బిరుదు ధరించెను. స్త్రీ శిరస్సా యని ప్రొటెస్టెంటులు అడుగకుండను, క్రీస్తు స్థానమున మనుష్యమాత్రురాలా యని కాథలికులు అడుగకుండను ఆ మాట ఏర్పడినది. ప్రభుభోజన సమయమున పలుకవలసిన వాక్యములలో ఎడ్వర్డు కాలపు రెండు ప్రార్థనాపుస్తకముల మాటలను జతచేసిరి. రొట్టెలో క్రీస్తు శరీరమున్నదని నమ్మువాడును, స్మరణమాత్రమే యని నమ్మువాడును ఒకే వాక్యమును వినవచ్చును. కఱ్ఱ విఱుగలేదు, పాము చావలేదు. రాణి తన సొంత ప్రార్థనామందిరమున శిలువను, క్రొవ్వొత్తులను ఉంచుకొని ప్రొటెస్టెంటు బోధకులకు తలనొప్పి తెచ్చిపెట్టెను.

ఆదివారము గుడికి రాని వానికి 12 పెన్నీల జుల్మానా విధించిరి. కూలివానికి అది చిన్న మొత్తము కాదు. విధేయతా ప్రమాణమును బిషప్పులలో లాండాఫు కిచిను ఒక్కడే చేసెను; తక్కినవారు నిరాకరించి పదవులు గోల్పోయిరి. కొందఱు చెఱలోనే మరణించిరి, ఎవ్వరిని కాల్చలేదు. ప్రమాణమును రెండవమాఱు నిరాకరించిన వానికి రాజద్రోహశిక్ష యని 1563లో శాసనము చేసిన పిమ్మట, ఎవ్వరిని రెండవమాఱు అడుగవలదని రాణి రహస్యముగ ఆర్చిబిషప్పు పార్కరునకు తెలియజేయించెను. శాసనము పుస్తకమున నున్నది. కత్తి ఒఱలో నున్నది. అయినను ఇది మతస్వాతంత్ర్యమని భ్రమింపరాదు. గుడికి వచ్చి కూర్చుండిన చాలు, మనస్సున నేమున్నదో మేమడుగమని చెప్పుట స్వాతంత్ర్యము కాదు, అలసిన ప్రభుత్వము కనుగొన్న మధ్యమార్గము.

చరిత్ర గ్రంథములు మతమునకు అధ్యాయములు కేటాయించి నాణెముల కథను నాలుగు పంక్తులలో ముగించుచున్నవి. మా దృష్టిలో నూతన ప్రభుత్వమునకు ప్రాణాంతకమైన రోగము నాణెములలోనే యుండెను. హెన్రీ రాజు యుద్ధవ్యయమునకై 1544 మొదలు వెండి నాణెములలో రాగిని కలిపించెను. ఎడ్వర్డు కాలమున 1551 నాటికి కొన్ని నాణెములలో పండ్రెండు పాళ్లకు మూడు పాళ్లే వెండి! ముఖమున రాజుబొమ్మ, గర్భమున రాగి. అరిగినకొలది రాజుముక్కు ఎఱ్ఱబాఱుచుండెను. ఇట్టి ద్రవ్యము చేత బట్టుకొని సంతకు పోయిన వాని గతి యేమి? ధాన్యపు ధర పెరిగెను, ఉన్నిబట్టల ధర పెరిగెను. నికరపు శిస్తులు పుచ్చుకొను భూస్వామికి రూపేణా ఆదాయము తగ్గకున్నను వస్తురూపమున సగమయ్యెను. మంచి వెండి నాణెమును చేజిక్కించుకొన్న వాడు దానిని కరగించుకొనుచుండెను, లేదా విదేశమునకు పంపుచుండెను. ఆంట్వర్పులో పౌను మారకపు వెల పడిపోయి, అప్పు తీర్చుటకే మఱల అప్పు చేయవలసివచ్చెను.

ఆంట్వర్పున ప్రభుత్వపు ఆర్థిక ప్రతినిధి తామసు గ్రెషాము. రాణి పట్టాభిషేకమునకు ముందే అతడామెకు జాబు వ్రాసి, ఈ కల్తీ నాణెములే మంచి బంగారమును దేశమునుండి తఱిమివేసినవని విన్నవించెను. చెడుద్రవ్యము మంచిద్రవ్యమును వెడలగొట్టునను సూత్రమునకు అతని పేరు పెట్టినది మాత్రము మూడువందల యేండ్లకు పిమ్మట, 1858లో, మెక్లియాడను పండితుడు. అప్పటి వర్తకులకు సూత్రముతో పనిలేదు. నష్టము చేతికి తెలియుచునే యుండెను.

1560 సెప్టెంబరు 27వ తేది ప్రకటన వెలువడెను. ఆఱు పెన్నీలకు చెల్లుచుండిన టెస్టూను నాణెము ఇకమీదట నాలుగున్నర పెన్నీలకే చెల్లును. మిక్కిలి చెడినవి రెండుంబాతిక పెన్నీలకు మాత్రమే. ఏది యేదో తెలియుటకై మొదటి రకమునకు కోటద్వారపు ఇనుపకటకటాల ముద్రను, రెండవ రకమునకు వేటకుక్క ముద్రను వేయించిరి. తరువాత వానినన్నిటిని ప్రభుత్వము సేకరించి, వెండిని వేఱుచేయించి, నూటికి తొంబదిరెండున్నర పాళ్లు వెండి గల నాణెములను ముద్రించెను. ఒక సంవత్సరములో పని ముగిసెను. ఇంతటి దిట్టతనము ఆనాటి ప్రభుత్వములలో నరుదు.

కాని ఖర్చు నెవరు భరించిరి? ప్రకటన వెలువడిన నాటి రాత్రి ఎవని సంచిలో టెస్టూనులుండెనో వాడు. నాలుగింట నొకవంతు, నాణెము చెడినదైన సగము కంటె నెక్కువ, నిదురలేచునప్పటికి మాయమయ్యెను. ఇంకను తగ్గింతురను వదంతులు పుట్టి, జనులు చేతిలోని నాణెములను వదలించుకొనుటకు అంగళ్ల మీద పడిరి. కొందఱు వర్తకులు పుచ్చుకొనక తలుపులు మూసిరి. ప్రభుత్వము తన కారణములను ముద్రించి పంచిపెట్టవలసివచ్చెను. వెండి మార్చుటలో బొక్కసమునకు నష్టము రాకపోగా కొంత లాభమే మిగిలెను. తండ్రి చేసిన మోసమునకు ప్రజలు ఒకమాఱు ధరల రూపమున చెల్లించిరి. కుమార్తె చేసిన చికిత్సకు రెండవమాఱు చెల్లించిరి. చికిత్స చేయకున్న మూడవమాఱు, నాలుగవమాఱు చెల్లింపవలసి యుండెడిదనుట కూడ నిజమే. నాణెము కుదుటబడిన పిమ్మట గ్రెషాముచేత ఆంట్వర్పు ఋణము తీఱుటకు మార్గమేర్పడెను. మేరీ చివరి యేట సుంకముల రేట్లను సవరించి పెంచియుండుటయు క్రొత్త రాణికి కలిసివచ్చినది. విత్తినది అక్క, కోసినది చెల్లెలు.

సొంత ధనము చాలని ప్రభుత్వము వర్తకులకు పట్టాల నిచ్చి వారి ధనముతో పని నడపు పద్ధతి ఈ రాజ్యమున బలపడినది. పట్టాకు కావలసినది తోలుకాగితమును మైనపు ముద్రయుమాత్రమే. 1600 డిసెంబరు 31వ తేదిన ఇదే రాణి ముద్రవేసిన పట్టాతో పుట్టిన ఈస్టు ఇండియా కంపెనీ వారి ఓడ 1611లో మన మచిలీపట్టణము రేవు చేరినది. ఆ కథ పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

స్కాట్లండు వ్యవహారమునకు వత్తము. 1559 ఏప్రిలులో కేటో-కంబ్రేసీ సంధి జరిగెను. కేలే ఎనిమిదేండ్లు ఫ్రెంచివారి వద్దనుండుననియు, పిమ్మట తిరిగి ఇయ్యకున్న అయిదు లక్షల క్రౌనులు చెల్లింతురనియు వ్రాసికొనిరి. తిరిగి రాదని ఉభయులకు తెలియును. పరువు దక్కుటకు ఆ మాట. జూలైలో ఫ్రెంచిరాజు గుఱ్ఱపుస్వారుల యీటెపోటీ వేడుకలో తగిలిన గాయముచే మరణించుటతో మేరీ స్టూవర్టు ఫ్రాన్సు రాణియు నయ్యెను. స్కాట్లండు ప్రొటెస్టెంటు ప్రభువులు ఆమె తల్లి మేరీ గీజు పాలనపై తిరుగబడి ఇంగ్లండు సాయము కోరిరి.

రాణికి తిరుగుబాటుదారులకు తోడ్పడుట ఇష్టము లేదు. రాజద్రోహమును ఇరుగింట పెంచిన తన యింటికిని వచ్చునని యామె భయము. సాయము చేయనిచో ఈ వ్యవహారమునుండి తనను తప్పింపుడని సెసిలు వ్రాసెను. తుదకు రాణి, విలియము వింటరు అను నావికాధిపతిని ఫోర్తు నదీముఖమునకు పంపుచు, అడిగినవారికి తన యిచ్చ చొప్పున వచ్చితినని చెప్పుమని ఆజ్ఞాపించెను! 1560 మే నెలలో లీతు కోటపై జరిగిన ముట్టడి ఘోరముగా విఫలమయ్యెను. గోడ నెక్కుటకు తెచ్చిన నిచ్చెనలు పొట్టివయ్యెను. అయినను జూన్‌లో మేరీ గీజు మరణించుట, ఫ్రాన్సులో కల్లోలము, ఇంగ్లీషు నౌకలు సముద్రమార్గమును మూసియుండుట, ఈ మూడును కలిసి కార్యము చక్కబెట్టినవి. జూలై 6వ తేది ఎడింబరో సంధి ననుసరించి ఫ్రెంచిసేనలు స్కాట్లండును విడిచిపోయినవి. సెసిలు స్వయముగ పోయి కుదిర్చిన సంధి యిది. మేరీ స్టూవర్టు దానిపై ఎన్నడును సంతకము చేయలేదు.

స్పెయిను ఫిలిప్పు ఈ కాలమంతయు ఊరకుండుటయే కాక, రాణిని మతబహిష్కృతను చేయవలదని పోపును వారించుచుండెను. ఎలిజబెత్తు మీది ప్రేమ కాదు. ఆమె పోయిన వచ్చునది ఫ్రెంచి యింటి కోడలు! ఆమెను పెండ్లాడెదనని కూడ అతడు వర్తమానమంపెను. కాదనక, ఔననక, రాణి సంధి కుదురునంతవఱకు ఆ మాటను నానబెట్టెను.

వివాహ ప్రసక్తి పార్లమెంటువారికి నిత్యబాధ యయ్యెను. 1559లోనే వివాహమాడుమని వారు విన్నవింపగా, కన్యగానే బ్రతికి మరణించుట తనకు చాలునని అర్థము వచ్చునట్లు బదులు చెప్పెను. అశ్వాధిపతి రాబర్టు డడ్లీయందు ఆమెకు మక్కువ. 1560 సెప్టెంబరులో అతని భార్య మెట్లక్రింద మెడ విఱిగి పడియుండగా కనబడెను. విచారణ జరిపిన పంచాయతిదారులు ప్రమాదమనిరి. ఐరోపా సభలన్నియు వేఱుగ చెప్పుకొనెను. ఇక అతనిని పెండ్లాడుట అసాధ్యమయ్యెను. 1562 అక్టోబరులో రాణికి మశూచి సోకి, ప్రాణాశ లేని స్థితికి వచ్చెను. మంత్రులు కూర్చుండి వారసు డెవరని ఆలోచింపగా ఏకాభిప్రాయము కుదురలేదు. కొందఱు కేథరిను గ్రే యనిరి. ఆమె రహస్యవివాహము చేసికొన్న నేరమునకు చెఱలో నుండెను. కొందఱు హంటింగ్‌డను ప్రభువనిరి. రాణి కోలుకొనెను. కాని ఆ కొలదిదినములు ప్రభుత్వమంతయు ఒక్క ప్రాణముపై వ్రేలాడుచున్నదని అందఱికి తెలియజేసినవి. వారసుని పేర్కొనుమని 1563లో, 1566లో పార్లమెంటు అడిగినను ఆమె పేర్కొనలేదు. పేరు చెప్పిన మఱునాడే కుట్రలన్నియు ఆ పేరిట మూగునని అక్క కాలమున తానే అనుభవించియుండెను. 1554లో ఆమె లండను కోటలో బందీ.

ఓర్పే ఈ ప్రభుత్వపు బలమైనచో, ఓర్పు తప్పినచోట ఫలమెట్లుండెనో లహావ్రు రేవు సాక్ష్యమిచ్చుచున్నది. ఫ్రాన్సులో అంతర్యుద్ధము రేగగా, కేలేను తిరిగి పొందు ఆశతో, రాణి 1562లో హ్యూగెనాటు ప్రొటెస్టెంటులతో ఒడంబడిక చేసికొని ఆ రేవున సేన దింపెను. మఱుసటి యేడు ఫ్రెంచి ఉభయపక్షములు రాజీపడి, ఏకమై ఇంగ్లీషువారిపైకి వచ్చినవి. కోటలో మహామారి చెలరేగెను. జూలై చివర కోట ఒప్పగించి తిరిగివచ్చిన సైనికులు వ్యాధిని వెంట తెచ్చిరి. ఆ యేడు లండనులో పదునేడువేల మందికి పైగా మరణించిరి. 1564 సంధిలో 1,20,000 క్రౌనులకు కేలేపై హక్కు వదలుకొనవలసివచ్చెను. అయిదు లక్షలకు వ్రాసికొన్న పత్రము అంతకు చెల్లినది. అటుపిమ్మట ఇరువదియేండ్లకు పైగా రాణి ఖండమునకు పెద్దసేనను పంపలేదు.

1568లో మేరీ స్టూవర్టు స్వరాజ్యము పోగొట్టుకొని ఇంగ్లండున శరణుజొచ్చినది. మఱుసటి శీతకాలమున ఉత్తరజిల్లాల కాథలికు ప్రభువులు తిరుగబడి డర్‌హాము గుడిలో ఇంగ్లీషు బైబిలును చింపివేసిరి. దక్షిణజిల్లాలు కదలలేదు. తిరుగుబాటు అణగిన పిమ్మట రాణి చూపిన దయాశూన్యత ఆమె కీర్తికి మచ్చ; వందలకొలది పేదలు ఉరితీయబడిరి, ధనికులు ఆస్తులిచ్చి బ్రతికిరి. 1570 ఫిబ్రవరిలో అయిదవ పయసు పోపు ఆమెను బహిష్కరించి, ప్రజలు ఆమెకు విధేయులు కానక్కఱలేదని శాసనపత్రము వెలువరించెను. మే నెలలో దానిని లండను బిషప్పు ఇంటి తలుపునకు అంటించిన జాన్ ఫెల్టను ఆగస్టులో ఉరితీయబడెను. 1559లో వచ్చిన ఏ రాజ్యమును కూల్పగల పత్రమది. వచ్చునప్పటికి నాణెము శుద్ధమైయుండెను, స్కాట్లండున ఫ్రెంచిసేన లేకుండెను, ఊరి గుడిలో ఇంగ్లీషు ప్రార్థన వినుచు పదునొకండేండ్ల బాలురు పెరిగియుండిరి.